రెండు పెట్టెల్లో ఒకటే మందు

ప్రియమైన ఎస్తేరక్కకి,

తమ్ముడు ప్రసాదు వందనాలు. మేమిద్దరం బాగున్నాం. ఈ మాట అలవాటుగా రాయడం లేదు, ఈసారి నిజంగానే బాగున్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారు సాయంత్రం నడకకి వెళ్తున్నారా, నడక పేరు చెప్పి టీకొట్టు దగ్గర కూర్చుంటున్నారా? ఫోన్ ఉండగా ఉత్తరమెందుకంటావేమో. ఫోన్‌లో అయితే మధ్యలో నువ్వు తిడతావు, నేను వాదిస్తాను, అసలు సంగతి అక్కడే ఆగిపోతుంది. కాగితం మీద నన్ను ఆపలేవు.

ఇర్వింగ్ సిటీ వదిలి ఈ చిన్న ఊరికొచ్చి మూడు నెలలైంది. ఆఫీసు పని బాగానే ఉంది. చుట్టూ పత్తి చేలు, ఒక దాణా కొట్టు, ఒకే ఒక్క ట్రాఫిక్ లైటు, ఎప్పుడూ గాలి. బయట ఆరేసిన బట్టలు పక్క ఊళ్ళో వెతుక్కోవాలంటుంది నీ మరదలు సునీత. మనుషులు మాత్రం మంచివాళ్ళు. కారులో ఎదురొస్తే స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరిస్తారు. తెలుగు మాట వినాలంటే నేనూ సునీతా పోట్లాడుకోవాల్సిందే.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచిన సంగతి. రెండో నెలలో నాకు తల తిరగడం మొదలైంది. కుర్చీలోంచి లేస్తే గది ఒక పక్కకి ఒరిగిపోయేది. ఒకరోజు ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ దారి పక్కన కారు ఆపేశాను. ఆ రోజే సునీత తాళాలు దాచేసింది. ఇక్కడ బస్సు లేదు, ఆటో లేదు. డ్రైవ్ చేయలేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు. తిట్టు, పడతాను.

డాక్టరు కోసం వెతికాను. ఇన్సూరెన్స్ వాళ్ళ లిస్టులో ఈ ఊరికి ముగ్గురున్నారు. ఒకాయన ఎప్పుడో రిటైరయ్యాడు. ఒకామె ఊరు వదిలి వెళ్ళిపోయింది. మూడో నంబరుకి చేస్తే దాణా కొట్టువాడు ఎత్తి, ఎన్ని బస్తాలు కావాలన్నాడు! పెద్ద ఊరి హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే నాలుగు నెలల తర్వాత రమ్మన్నారు. నా తల ఇవాళ తిరుగుతోందమ్మా అంటే, ఇంకో లైన్‌లోకి పంపి పాట పెట్టారు. ఇంత డబ్బున్న దేశంలో పత్తి పండించేవాళ్ళకి ఒక డాక్టరుని ఇవ్వలేరట. లాభం లేని చోట జబ్బు కూడా రాకూడదు కాబోలు! నువ్వు పనిచేసిన సర్కారు దవాఖానాలో దూది లేకపోయినా మనిషి ఉండేది, అక్కా.

చివరికి పక్కింటి పెద్దాయన, "డార్లీన్ దగ్గరికెళ్ళు, ఊరంతా అక్కడికే పోతాం" అన్నాడు. డాక్టరా అంటే కాదు, ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ అన్నాడు. ఏళ్ళ తరబడి నర్సుగా చేసి, ఆపైన చదివి, తనే రోగిని చూసి మందు రాసే మనిషన్నమాట. థాంక్స్ చెప్పి ఇంట్లోకి వచ్చేశాను.

"అపాయింట్‌మెంట్ బుక్ చేయనా?" అంది సునీత.

"నర్సు దగ్గరికా? నాలుగు నెలలు ఆగుతాలే."

సునీత చేతిలో గరిటె స్టవ్ మీద పెట్టేసింది. "మా వాళ్ళు మీ ఇల్లు చూడటానికొచ్చిన రోజు ముందుగదిలో గోడకి మేకుందట, ఫోటో లేదట. మా అమ్మ ఆ రోజే చెప్పింది. ఎవరి ఫోటోనో పెళ్ళయ్యాక నాకు తెలిసింది. సభల్లో మైకు పట్టుకుని సమానత్వం అంటారే, అది మైకు వరకేనా?"

ఆ రోజు తెల్ల యూనిఫాంలో ఉన్న నీ ఫోటో తీసి బీరువా వెనక పెట్టింది నేనే. మా అక్క హాస్పిటల్‌లో ఉద్యోగం అని మాత్రం చెప్పాను. మర్నాడు పొద్దున్నకల్లా ఫోటో గోడ మీద ఉంది. నువ్వు ఒక్క మాట అనలేదు. అనుంటే వాదించి గెలిచేవాణ్ణి.

సునీత అలా అన్న మర్నాడే డార్లీన్ దగ్గరికి వెళ్ళాం. క్లినిక్ ఒకప్పుడు బ్యాంకట. పూర్వం డబ్బిచ్చిన కిటికీలోంచి ఇప్పుడు కారు దిగలేని ముసలివాళ్ళకి టీకాలు వేస్తారు. డార్లీన్‌కి నా వయసే ఉంటుంది, కాళ్ళకి పొలం బూట్లు. వాడే మందులన్నీ సంచిలో వేసి తెమ్మని ముందే చెప్పింది. బట్టల షాపు సంచి నిండా పట్టుకెళ్ళాను. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. తర్వాత కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ఒక్కో పెట్టె మీది చిన్న అక్షరాలు ఓపిగ్గా చదివింది. నువ్వు పంపిన బీపీ మాత్రల తెల్ల పెట్టె, ఇర్వింగ్ చర్చిలో జోజి అంకుల్ "నాకు బాగా పనిచేసింది, తీసుకో బాబూ" అని ఇచ్చిన నీలం పెట్టె పక్కపక్కన పెట్టింది.

"ఈ రెండూ వాడుతున్నావా?"

"పొద్దున తెల్లది, సాయంత్రం నీలంది."

"పేర్లే వేరు నాయనా, లోపల మందు ఒకటే. రెట్టింపు మింగుతున్నావు. లేచి నిలబడితే నీ బీపీ పడిపోతోంది. తల తిరక్క ఏం చేస్తుంది?"

సునీత నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. డార్లీన్ నీలం పెట్టె తన సొరుగులో వేసుకుని, తెల్ల పెట్టె మీద నువ్వు పెన్నుతో ఇంగ్లీషులో రాసింది చూపించింది: మాత్ర ఒకటే, పొద్దున్నే, వారానికోసారి బీపీ చూసుకోవాలి, కింద తేదీ, నీ పొట్టి సంతకం.

"ఇది ఎవరు రాశారు? వార్డులో పనిచేసిన చెయ్యిది."

"మా అక్క."

"ఏం చేస్తుంది?"

"నర్సు," అన్నాను. దానికి ముందూ వెనకా ఇంకేమీ చేర్చలేదు.

"మరి ఆవిడ మాట వినుంటే నాతో పనేముంది?" అంది.

శనివారం తనే ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగింది. వారం తిరిగేసరికి గది నిటారుగా నిలబడింది. సునీత తాళాలు ఇచ్చింది. నిన్న ఇద్దరం చెరువు దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం, ఎదురొచ్చిన ప్రతివాడికీ నేనే ముందు వేలెత్తాను. డార్లీన్‌కి ఆవకాయ ఇస్తే బిస్కట్‌తో తిని, కళ్ళు తుడుచుకుంటూ ఇంకో బిస్కట్ తీసింది. నన్ను మాత్రం ఉప్పు తగ్గించమంది. ఇదేం న్యాయం?

ఇంకో అన్యాయం. ఊరినంతా చూసుకునే ఆ మనిషి పని చేయాలంటే, ఈ ఊరి ముఖం చూడని సిటీ డాక్టరొకడు ఒప్పందం మీద సంతకం పెట్టాలట! ఒళ్ళు మండి వ్యాసం రాద్దామని కూర్చున్నాను. మొదటి పేరాలోనే కలం ఆగిపోయింది. ముందు నీకు రాయాల్సింది ఉంది కదా. అందుకే ఈ ఉత్తరం. తప్పు నాది, అక్కా.

ఈసారి ఎవరితోనూ మాత్రలు పంపకు. ఎండురొయ్యలూ వద్దు. సరే, కొంచెం పంపు. ఆ ఫోటో మాత్రం తప్పకుండా పంపు. ఇక్కడ ముందుగదిలో, తలుపు తీయగానే కనపడే చోట మేకు కొట్టి ఉంచాను. వచ్చినవాళ్ళు ఎవరిదని అడగాలి, నేను చెప్పాలి.

బావగారికి, పాస్టరుగారికి మా వందనాలు. నీ ప్రార్థనలో నా పేరు కూడా తలుచుకో. దాని గురించి ఈ ఒక్కసారికి వాదించను.

నువ్వు సూది వేస్తే వార్డంతా వినపడేలా ఏడ్చిన నీ తమ్ముడు,
ప్రసాదు