ఎవరూ చూడలేదని చెప్పాను

మంగళవారం, ఆదిలాబాద్

ఇవాళ బోథ్ దగ్గరి చిన్న ఆసుపత్రికి వెళ్లి రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో లోపాన్ని సరిచేసే ప్యాచ్ వేశాను. సమాచారాన్ని రహస్యంగా పంపే భాగంలో లోపం ఉందని, దాని గుండా పాస్‌వర్డ్‌లు బయటికి పోవచ్చని నోటీసు వచ్చి మూడు వారాలైంది. పత్తి జిన్నింగ్ మిల్లుల పని ముందు చూడమని మా కంపెనీ సారు అంటే నేనూ సరేనన్నాను.

లోపం సంగతి విని, రౌటర్ మళ్లీ ఆన్ అయ్యేదాకా నర్సు సుశీలక్క పక్కనే నిలబడింది. హెచ్ఐవీ మందులు వాడేవాళ్ల పేర్లన్నీ ఆమె కంప్యూటర్‌లోనే ఉంటాయి.

"గీ మూడు వారాలల్ల ఎవలన్న చూసిన్రా చెల్లె?"

"ఎవ్వలు చూడలేదక్కా. ఫికర్ జెయ్యకు."

ఆమె ముఖం తేటపడింది.

బస్సు ఇచ్చోడ దాటాక నాకు మనసు కుదురుగా లేదు. ఆ లోపం గుండా ఎవరు చొరబడినా రౌటర్‌లో ఆనవాలు మిగలదు. చూడలేదని నాకెలా తెలుసు? ప్యాచ్ ఇకముందు ఆపుతుంది, అంతే.

ఇంటికి రాగానే సుశీలక్కకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. పాస్‌వర్డ్‌లన్నీ వెంటనే మార్చమన్నాను.

"మారుస్త గని, పేర్లు బయటికి పోనియ్యనని ఒట్టు వెట్టి రాయించుకున్న. గిప్పుడు వాళ్లకేమని చెప్పాలె?"

"రేపు నేను సుత వస్తనక్కా. కలిసి చెప్దాం."

"నువ్వు రాకు చెల్లె. నువ్వొస్తె వాళ్లెవలో నీకు సుత తెలుస్తది."

నిజమే. రేపటి నుంచి ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, ఆమె ఒక్కతే చెప్పుకోవాలి.