ఎడమవైపు తిరిగిన గుల్ల

ఇరియొమొతె దీవి

చెల్లీ,

కోనాత్సు సెలవులు గడిపి క్షేమంగా మీ నాహా ఊరు చేరిందని తెలిసి మనసు కుదుటపడింది. ఒక్కమాట చెబుతాను, కోప్పడకు. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ కూడా పిల్ల ఎడమచెయ్యి తొడకింద దాచుకుని, కుడిచేత్తో చాప్‌స్టిక్‌లు పట్టుకుని కుస్తీపడింది. "ఎందుకే?" అంటే, "అమ్మ తిడుతుంది పెద్దమ్మా" అంది. పిల్ల ఎడమచేత్తో తింటే మీ అత్తగారు ఏమంటారోనని నీకున్న భయం నాకు తెలియనిది కాదు.

ఒకరోజు సాయంత్రం వాన వెలిశాక దాన్ని అడవికి తీసుకెళ్లాను. నత్తల్ని తినే పాము కనిపించింది. దాని దవడకు కుడివైపు పళ్లెక్కువ. గుల్ల కుడివైపు తిరిగిన నత్తనైతే ఇట్టే బయటికి లాగేస్తుంది. ఎడమవైపు తిరిగినదాన్ని పట్టబోతే జారిపోయింది. పాములు తరతరాలుగా కుడివాటిని తినేయబట్టే మా అడవిలో ఎడమగుల్లలు ఇన్ని ఉన్నాయని చెప్పాను.

"అయితే అవి తప్పుగా పుట్టలేదా?" అని అడిగింది.

మొన్న నేనూ అలవాటులేని ఎడమచేత్తో సోబా నూడుల్స్ తిని చూశాను. పులుసంతా ఒళ్లో పడింది. "ఆ పామే నయమే!" అని మీ బావ ఒకటే నవ్వు. ఒక్కపూటకే నాకు ఏడుపొచ్చింది. ఆ చిన్నదానిచేత నువ్వు మూడుపూటలా అదే చేయిస్తున్నావు, తల్లీ.

మీ అక్క