ఎత్తు మీద శబ్దం

మార్చి 3, సోమవారం

ఈ నోట్‌బుక్ పికప్ కోసం కొన్నాను. నా గొడవలు రాసుకోవడానికి కాదు.

విషయం ఇది. ఈ బండి ఇంజన్ నేనే విప్పి బిగించాను. హెడ్ కాస్త ఎక్కువ అరగదీయించాను, కంప్రెషన్ పెరిగింది. అప్పటినుంచి ఎనిమిదేళ్లుగా ప్రీమియం పెట్రోలే. రెగ్యులర్ పోస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ లోపల టకటకమని నాక్ కొడుతుంది, అలాగే నడిపితే పిస్టన్లు పాడవుతాయి. నిన్న బంకులో మా ఆవిడ, ఈ ముసలి బండికి అంత ఖరీదైన తాగుడు ఎందుకండీ, రెగ్యులర్ చాలట, పక్కింటివాళ్లు కూడా అదే పోస్తారట అంది.

ఈవిడకి అన్నీ 'అట'లే. మెకానిక్‌కి 'అట' పనికిరాదు. విన్నావా, వినలేదా, అంతే. ముప్పై ఏళ్లుగా ఇంజన్ మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బు చెబుతున్నాను. వీధిలో నన్ను స్టెతస్కోప్ అంటారు. పెట్రోల్ సంగతి కూడా నా చెవే తేలుస్తుంది.

మార్చి 5, బుధవారం

ట్యాంకు అడుగంటాక రెగ్యులర్ పోయించాను. వాటర్ ట్యాంక్ దగ్గరి ఎత్తు, థర్డ్ గేర్, వెనక రెండు పాత ఇంజన్ల బరువు. శబ్దం లేదు.

మార్చి 6, గురువారం

మళ్లీ ఎక్కాను. ఫోర్త్ గేర్‌లో, కావాలని ఇబ్బంది పెట్టి. శబ్దం లేదు.

ఎనిమిదేళ్లు డబ్బు తగలేశానన్నమాట. ఆవిడకి ఇప్పుడే చెప్పను. చెబితే నెత్తికెక్కి కూర్చుంటుంది.

మార్చి 7, శుక్రవారం

స్కూల్ వ్యాన్ అతను వచ్చాడు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ ముందువైపు సన్నగా గలగలమంటోంది, కొంచెం చూడన్నా అన్నాడు. స్క్రూడ్రైవర్ పెట్టి నిదానంగా విన్నాను. ఏం లేదు, పోనివ్వు అన్నాను. నువ్వు చెప్పాక ఇంకేం భయం అన్నా అని వెళ్లిపోయాడు.

మార్చి 9, ఆదివారం, ఉదయం

మా ఆవిడని వాళ్ల అక్క ఇంట్లో దింపడానికి పికప్‌లో బయల్దేరాం. ఎత్తు మొదలవగానే, ఏమండీ, రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఆడిస్తున్నట్టు ఆ చప్పుడేంటి అంది.

ఏ చప్పుడూ లేదన్నాను. ఉందండీ అంది. నీకు ఇంజన్ గురించి ఏం తెలుసని కసిరాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. ఇప్పుడు పోయింది అంది. నొక్కాను. మళ్లీ వస్తోంది అంది.



అదే రోజు, సాయంత్రం

ఆవిడని తీసుకురావడానికి వెళ్లేముందు రెగ్యులర్‌ని క్యాన్‌లోకి దించేసి ప్రీమియం పోయించాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. ఇంటికి వచ్చేదారి పల్లం. కిందికి దిగాక బండి తిప్పి, మళ్లీ అదే ఎత్తు ఎక్కించాను. ఆ చప్పుడు పోయిందండీ, ఏం చేశారు అంది.

నాకు పొద్దున ఎలా వినిపించిందో ఇప్పుడూ అలాగే వినిపించింది.

నోట్‌బుక్‌లో వెనక్కి చూశాను. శబ్దం లేదు, శబ్దం లేదు. శబ్దం ఉంది. నాకే వినిపించలేదు.

భయం వేసింది. ఈ చెవి పోతే ఇంక నాకేం పని వచ్చు? ఇది రాస్తుంటే స్కూల్ వ్యాన్ గుర్తొచ్చింది.

అరగంట తరవాత

ఫోన్ చేశాను. రేపు పిల్లల్ని ఎక్కించుకోకు, బండి ముందు నా దగ్గరికి తీసుకురా అన్నాను. నువ్వే బాగుందన్నావు కదన్నా అన్నాడు. ఆరోజు సరిగా వినిపించలేదన్నాను. అవును, వీధిలో ఒకటే గోల అన్నాడు పాపం. కాదు, నాకు చెవులు పోతున్నాయి అని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. అవతల చాలాసేపు మాట లేదు. ఉందేమో, నాకు వినిపించలేదేమో.

మార్చి 10, సోమవారం

వ్యాన్ ఇంజన్ ముందు కవర్ విప్పాను. చూడ్డానికి కళ్లు చాలు. టైమింగ్ చైన్ వదులై వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే గైడ్ రెండు ముక్కలు. ఆ చైన్ ఎత్తు మీద తెగి ఇంజన్ ఆగిపోయి ఉంటే, వెనక పద్దెనిమిది మంది పిల్లలు.

అతను విరిగిన ముక్క చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. ఇంకెవరికైనా ఇలాగే చెప్పావా అన్నా అని అడిగాడు. తిట్టినా బాగుండేది.

మార్చి 12, బుధవారం

గుర్తున్న కస్టమర్లందరికీ ఫోన్లు. స్పీకర్‌లో ఆవిడ విని నాకు గట్టిగా చెబుతుంది, నేను మాట్లాడతాను. మూడు బండ్లు వెనక్కి వచ్చాయి.

మార్చి 13, గురువారం

చెవుల డాక్టర్ హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. చాలాసేపు నొక్కలేదు. టెస్ట్ ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాను. అయిపోయిందన్నాడు. సన్నటి శబ్దాలన్నీ పోయాయి, తిరిగి రావు అన్నాడు.

ఆవిడ బయటికి వచ్చాక ఏడ్చింది. నేను పార్కింగ్ దాకా ఆగాను.

మార్చి 16, ఆదివారం

ప్రీమియం. అదే ఎత్తు, థర్డ్ గేర్. పక్కన ఆవిడ.

శబ్దం లేదట.