మిగిలిపోయిన షాట్

అక్కా,

నేను రాస్తున్న థ్రిల్లర్ సీరియల్ ముగిసేదాకా నన్ను ఈ గది దాటనివ్వరట. హీరోయిన్ మళ్లీ దొరకదని డైరెక్టరు ఆవిడ బెదురుచూపులన్నీ ఒక్కరోజే తీసిపెట్టుకున్నాడు. ప్రతి ఎపిసోడూ తలుపు చప్పుడుతో, ఒక బెదురుచూపుతో ఆగాలి. తలుపవతల ఎవరున్నారో నేను కల్పించాలి. పిల్లి, పోస్ట్‌మన్, పోలీసు అందరూ అయిపోయారు.

ఇక ఒక్క షాటే మిగిలింది. అందులో ఆవిడ తలుపువైపు చూసి నవ్వుతోంది. "పొరపాటున నవ్వేసిందిలే. అయినా వాడాల్సిందే, కారణం నువ్వే చూడు" అన్నాడు డైరెక్టరు.

పెదవులు నవ్వుతున్నా కళ్లలో బెదురు పోని ఆ నవ్వు ఎక్కడ చూశానా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. బావ బండి చప్పుడు వినగానే నువ్వు అలాగే నవ్వుతావు.

కథ సంగతి నేను చూసుకుంటాను. నన్ను బయటికి వదలరు గానీ, ఇక్కడ రెండో మంచం ఖాళీగానే ఉంది. వచ్చెయ్.

నీ చెల్లి