నారు ఇంకా గట్టిపడలేదు

వదినగారికి,

టమాటా నారు ఇంకా పాతలేదేమని ఉత్తరంలో నిలదీశారు. తప్పు నాదే, తిట్టకుండా చదవండి.

మీ నాన్నగారి కాలి కట్టు విప్పి నెలయింది. రోజూ నడవాలని డాక్టరు ఎంత చెప్పినా ఆయన మంచం దిగితే ఒట్టు. ఇంట్లో మొలిచిన నారును బయట పాతేముందు రోజుకో గంట పెంచుతూ ఎండకూ గాలికీ అలవాటు చేయాలి కదా. ఆ పని ఆయనకు అప్పగించాను. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో నారు కప్పుల బుట్ట పట్టుకుని, గొణుగుతూనే పెరట్లో పెట్టి వచ్చారు. వచ్చి కుదురుగా కూర్చుంటారా? ఎండ ఎక్కువైందేమోనని పదిసార్లు వెళ్లి చూశారు.

నారు వారానికే సిద్ధమైంది. పాతేస్తే మళ్లీ మంచమెక్కుతారని నాకు భయం. "ఇంకా చలిగాలి ఉంది మామయ్యగారూ" అంటూ మరో రెండు వారాలు నెట్టుకొచ్చాను. మొక్కలేమో కప్పుల్లోనే బారుగా సాగిపోయాయి.

నిన్న బజారు నుంచి వచ్చేసరికి కప్పులన్నీ ఖాళీ. పెరట్లో మామయ్యగారు, చేతులనిండా మట్టి.

"నేను నడుస్తాలే అమ్మాయ్. నా కాలికోసం వీటికెందుకు ఈ శిక్ష?" అన్నారు.

సిగ్గుతో మాట మార్చి, "మీ కర్ర ఏదండీ?" అన్నాను.

అన్నిటికంటే పొడుగు మొక్కను చూపించారు. దాని పక్కనే కర్ర పాతి, గుడ్డపీలికతో మొక్కను కట్టేశారు.

మీరు పంపుతానన్న కొత్త కర్ర వెంటనే పంపండి. రెండో మొక్క కూడా వాలుతోంది.

మీ మరదలు