శనివారం ఆరింటి వంతు

హెల్వీ,

ఆ చివరి శనివారం మీ అక్క మురుగునీటి కేంద్రంలో డ్యూటీ ముగించుకుని ఐదింటికి ఇల్లు చేరింది. ప్రతి శనివారం ఆరింటికి మా అపార్ట్‌మెంట్ అందరిదీ అయిన ఆవిరిస్నానాల గదిలో, అదే సౌనాలో, మా వంతు. స్నానం చేస్తుంటే నేను కుళాయి కట్టేయబోయాను. "పోనివ్వు, పిసినారీ! ఆ వేడిని మురుగునీటిలోంచి రాబట్టి మళ్లీ మన ఇళ్లకే పంపుతున్నాంగా!" అని నవ్వింది. మర్నాడు నిద్ర లేవలేదు.

వంతు వదిలేశావా అని అడిగావు. నిజమే, సౌనా వంతుల పట్టికలో మా పేరు కొట్టేశాను. అయినా ఆ గంట ఎవరూ తీసుకోలేదు. ఎందుకని కింది ఇంటి తైస్తోను అడిగాను.

"మీరు స్నానం మానేస్తే మా ఇల్లెలా వెచ్చబడుతుందండీ?" అన్నాడు, మీ అక్క అందరికీ చెప్పే మాటే అప్పజెబుతూ.

చాలా రోజులకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఇల్లు వెచ్చబరిచే, గోడకున్న వేడినీటి గొట్టం మీద చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. నేను బాగానే ఉన్నాను. రేపు పొద్దున కొత్త పట్టికలో, శనివారం ఆరింటికి, మా ఇంటిపేరు రాస్తాను.

బావ