బాల్కనీ మీద సుద్దగీతలు

జనగామ, మంగళారం
సమ్మె పదో రోజు

పొద్దుగాల పక్కింటి యాదగిరన్న వచ్చి చెయ్యి పట్టి గుంజుకపోయిండు. "ఇంజనీరువు గద తమ్మీ, మా కొత్త బాల్కనీ ఇనుప ఫ్రేము జర చూడు. రేపు ర్యాలీ మా ఇంటి ముంగటికెళ్లే పోతది. ఇరవైమందిమి దాని మీద నిలబడి జై తెలంగాణ అంటం."

ఎక్కి చూసిన. గర్డర్లకు వెల్డింగు నిండుగ లేదు. చుక్కలు చుక్కలు పెట్టి ఇడిసిపెట్టిండ్రు. సుత్తెతోని కొడితే ఒక చుక్క ఊడి కింద పడ్డది.

"ఖరాబున్నదని వెల్డరుకు చిట్టీ రాసియ్యి," అన్నడు యాదగిరన్న.

"పెన్ డౌన్ సమ్మెల ఉన్ననన్నా. తెలంగాణ వచ్చేదాంక పెన్ను ముట్ట."

సుద్దముక్కతోని పదిహేడు తావుల ఇంటూ గుర్తు పెట్టిన.

"మరి గిది రాసుడు గాదా?" అన్నడు. గాదని చెప్పి ఇంటికొచ్చిన.

ఆ సుద్దగీతలను చూసి ఆగుతరా, ఎక్కుతరా? మనసు నిలుస్తలేదు. గదే ఈ డైరీల పెన్నుతోని రాసుకుంటుంటే మా ఇంటామె సుజాత వచ్చి నడుము మీద చేతులు పెట్టుకొని అడిగింది: "ఏందయ్యా, తెలంగాణ వచ్చిందా?"

ఇగ ఎట్లైన మైలపడ్డ పెన్నే. యాదగిరన్నకు చిట్టీ గూడ రాస్తున్న: "బాల్కనీ ఎవ్వలు ఎక్కొద్దు. జై తెలంగాణ."